201వ యూనిట్ ధర ఎంత?

తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు,



ఇళ్ల కరెంటు ఛార్జీలు పెంచడం లేదని మీరు ప్రకటించినప్పుడల్లా జనం హమ్మయ్య అనుకుంటారు. 2022లో యూనిట్‌కు 50 పైసలు పెరిగాక వచ్చిన రేట్లే 2024–25లోనూ, 2025–26లోనూ కొనసాగాయి. 300 యూనిట్లు దాటే ఇళ్లకు స్థిర ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచుతామని విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కమ్‌లు) అడిగితే 2024 అక్టోబరులో మీరు ఒప్పుకోలేదు. అందుకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే, చెబుతున్నాను. నా పేచీ అంతా ఆ 'యథాతథం' అన్న మాటతోనే. రేట్లతోపాటు ఆ రేట్ల మధ్య ఉన్న గొయ్యి కూడా ఏటేటా యథాతథంగా ఉండిపోతోంది. దాని సంగతి మీతో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదనే ఈ లేఖ.

సూటిగా అడుగుతాను. మన రాష్ట్రంలో ఒక ఇంటికి 201వ యూనిట్ ధర ఎంత?

మీ పట్టిక చూస్తే 7 రూపాయల 70 పైసలు. బిల్లు చూస్తే అలా లేదు. నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున, మొత్తం 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ తిరిగిందా, ఆ ఇల్లు మరో కేటగిరీలో పడుతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ వెనక్కి వెళ్లి 5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆపైన ఆ ఒక్కదానికి 7.70. వెరసి 1,027.70. అంటే 201వ యూనిట్‌కు ఆ ఇంటివాళ్లు కట్టేది 207 రూపాయల 70 పైసలు. కస్టమర్ ఛార్జీ, స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం. కింద 100 దగ్గర కూడా ఇలాంటి గొయ్యే ఒకటి ఉంది: 100 యూనిట్లకు 252.50, 101 యూనిట్లకు 344.80. ఒక్క యూనిట్‌కు 92 రూపాయల 30 పైసలు!

రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితమనే గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు అందుకుంటున్న ఇళ్ల సంగతి ఇంకా విడ్డూరం. 200 దగ్గర సున్నా. 201 దగ్గర వెయ్యి పైచిలుకు. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది ఒక ఇస్త్రీపెట్టె గంట పాటు వేడెక్కినంత కరెంటు.

ఈ అంచు మీద నిలబడేది ఎవరో మీకు తెలుసా? ఏసీలు పెట్టుకున్న ఇళ్లు కావు. అవి ఎప్పుడో మూడు వందలు దాటి పోయాయి. ఒక మామూలు రెండు గదుల అద్దె ఇంటిని మే నెలలో లెక్క కట్టి చూడండి. పాత రకం సీలింగ్ ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు. రెండు ఫ్యాన్లు రోజుకు పదహారు గంటల చొప్పున తిరిగితే నెలకు 72 యూనిట్లు. ఫ్రిజ్ ఒక 30. 180 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు వేస్తే 54. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు రోజూ అరగంట నడిస్తే 11. లైట్లు, టీవీ కలిపి 20. మిక్సీ, ఇస్త్రీ, సెల్‌ఫోన్ ఛార్జర్లు మరో 10. కూడండి: 197. ఇందులో విలాసం ఏది? తగ్గించమంటే ఏది తగ్గించాలి? ఇక వేసవి సెలవులకు కూతురో చెల్లెలో పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులుండటానికి వచ్చిందంటే, రెండో గదిలో ఫ్యాను పగలు కూడా తిరుగుతుంది. ఆ నెల ఆ ఇంటికి జీరో బిల్లు పోయినట్టే. చుట్టాల రాకను మీటరుతో కొలుచుకునే స్థితికి ఒక టారిఫ్ మనుషుల్ని తెచ్చిందంటే, దాన్ని ఏ పేరుతో సమర్థిస్తారు?

మా కాలనీలో నెలాఖరున కొందరు మెట్ల కింద మీటర్ల దగ్గర నిలబడి ఉంటారు. మీటరు తెర మీద తేదీ వస్తుంది, టైము వస్తుంది, ఓల్టేజీ వస్తుంది, ఏదేదో వస్తుంది. యూనిట్లు చూపే కేడబ్ల్యూహెచ్ అంకె వచ్చేదాకా ఆగి దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు. పోయిన నెల బిల్లు కాగితంలోని రీడింగు తీసేస్తే మిగిలేది ఎంతో చూసుకుంటారు. 185 దాటితే ఇంట్లో కూలర్ బంద్. బిల్లు కొట్టే అబ్బాయి రెండు రోజులు ఆలస్యంగా వస్తే గుండె దడ. ఆలస్యమైన రోజుల లెక్క సర్దే పద్ధతి ఉంటే, ఆ లెక్క బిల్లు మీద మామూలు మనిషి చదువుకునే తెలుగులో ఎందుకు ఉండదు? ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, ఎన్ని రోజులు, అందువల్ల మీ హద్దు ఎంత అయింది అని మూడు ముక్కలు అచ్చు వేయడానికి ఎంత కాగితం కావాలి?

'మంచిదేగా, ఆ భయంతోనైనా జనం పొదుపు చేస్తున్నారు' అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. ఆ మాటనూ పరీక్షిద్దాం. హద్దుకు పది పదిహేను యూనిట్లు అటూ ఇటూ ఉన్నవాళ్లు కూలర్ కట్టేసి చెమటలో పడుకుంటున్న మాట నిజం. దాన్ని పొదుపు అనను, పస్తు అంటాను. నెలకు 270 యూనిట్లు కాల్చే ఇల్లు ఏం చేసినా 200కు దిగలేదు కాబట్టి ఆ ఇంటికి ఈ గొయ్యి వల్ల పొదుపు చేయాలన్న బుద్ధి పుట్టదు. 150 దగ్గర ఉన్న జీరో బిల్లు ఇంటికి 120కి తగ్గించుకుంటే దక్కేది ఏమీ లేదు. సున్నాను ఎవరూ తగ్గించలేరు. అంటే లక్షల ఇళ్లున్న రాష్ట్రంలో ఈ గొయ్యి పొదుపు నేర్పుతున్నది దాని అంచున నిలబడ్డ కొద్దిమందికి మాత్రమే. అదీ నెలాఖరు వారంలో మాత్రమే.

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఒక ఫ్యాన్ల దుకాణంలో ఈ మధ్య విన్న మాట ఒకటి. ఒకామె 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను చేత్తో పట్టుకుని ధర అడిగింది. మూడు వేలకు దగ్గర చెప్పాడు. పక్కనున్న మామూలు ఫ్యాను అందులో సగం. ఆమె తటపటాయిస్తుంటే కొట్టాయనే అన్నాడు: "జీరో బిల్లే కదమ్మా మీకు, అంత పెట్టుడెందుకు?" ఆమె మామూలు ఫ్యానే తీసుకుని పోయింది. ఆమెది తప్పా? దుకాణదారుడిది తప్పా? నాకైతే ఆయన మీ టారిఫ్ ఉత్తర్వును మీకంటే తేలిగ్గా, ఒక్క వాక్యంలో వివరించినట్టనిపించింది. ఆ ఫ్యాను ఇంకో పదేళ్లు ఆ ఇంట్లో తిరిగినంతసేపూ 45 వాట్లు ఎక్కువ తాగుతుంది.

ఆ కరెంటుకు డబ్బు ఎవరిది? జీరో బిల్లు అంటే ఆ కరెంటు ఊరికే వచ్చిందని కాదు. డిస్కమ్‌కు ప్రభుత్వం కడుతుంది. ప్రభుత్వానికి మనమంతా కడతాం. 170 యూనిట్ల జీరో బిల్లు ఇంటికి మీ రేట్ల ప్రకారం ఖజానా నుంచి పోయేది నెలకు 676 రూపాయలు. ఆ ఇంట్లో రెండు పాత ఫ్యాన్లు తీసి రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగిస్తే, రోజుకు పదహారు గంటల లెక్కన నెలకు 43 యూనిట్లు తగ్గుతాయి. అప్పుడు ఖజానా కట్టాల్సింది 469.60. నెలకు 206 రూపాయలు మిగులు. చలికాలం రెండు నెలలు తీసేసినా ఏడాదికి రెండు వేల పైమాట. ఇంటికి ఫ్యాన్లు ఉచితంగా ఇచ్చినా మూడేళ్లలోపే ఆ ఖర్చు తిరిగి వస్తుంది. ఆ తర్వాత ఫ్యాను ఉన్నన్నాళ్లూ లాభమే. ఈ లెక్క డిస్కమ్‌ల చేత మీరెందుకు వేయించలేదు? ఏటా వాళ్లు మీ ముందు పెట్టే ఆదాయ అవసరాల నివేదికలో కొనుగోలు ఖర్చుకు అన్ని పేజీలున్నాయే, కొనకుండా మిగుల్చుకోగల కరెంటుకు ఎన్ని పేజీలున్నాయి?

ఇది గాలిలో మేడ కాదు. ఎల్‌ఈడీ బల్బుల విషయంలో మన కళ్ల ముందే జరిగింది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ గంపగుత్తగా కొనడంతో 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర రెండున్నరేళ్లలో 38కి దిగింది. దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఇవాళ పల్లెలో కిరాణా కొట్టులో కూడా పాత గుండు బల్బు అడిగేవాడు లేడు. జనానికి నీతులు చెప్పి మార్చలేదు, ధర మార్చారు. అదే సంస్థ 2023 నవంబరులో కోటి ఫ్యాన్ల పథకం ప్రకటించింది. మన డిస్కమ్‌లు అందులో ఎన్ని తెప్పించుకున్నాయని మీరు అడిగి, ఆ జవాబును బయటపెడితే చదవడానికి నాలాంటివాళ్లు చాలామంది ఉన్నాం.

ఏటా డిసెంబరు 14 వస్తుంది. ఇంధన పొదుపు వారోత్సవాలు. ఒక ర్యాలీ, బడిపిల్లలకు వ్యాసరచన పోటీ, ఒక ఫ్లెక్సీ: 'గదిలో ఎవరూ లేనప్పుడు ఫ్యాను ఆపండి.' ఏసీని 24 దగ్గర పెట్టుకోండని సలహా. సలహాలు తప్పని కాదు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. కానీ అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఫ్యాను ఏ రకమో ఎంచుకునే హక్కు లేదు, డాబా మీద సోలార్ పలకలు పెట్టుకునే హక్కు లేదు. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం డాబా ఉన్నవాడిది. ఫ్లెక్సీ మాత్రం అందరికీ ఒకటే.

అద్దె ఇళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. హైదరాబాద్‌లో, వరంగల్‌లో, కరీంనగర్‌లో పాత ఇళ్లను పోర్షన్లుగా విడగొట్టి అద్దెకిస్తారు. రెండు పోర్షన్లు, ఒక మీటరు. ఒక్కో కుటుంబం 110 యూనిట్లు మాత్రమే వాడుతుంది. ఇద్దరిదీ పొదుపు సంసారమే. విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 388 చొప్పున ఇద్దరికీ 776. ఒకే మీటరు మీద 220 యూనిట్లు కాబట్టి 1,174. జీరో బిల్లుకు రేషన్ కార్డు ఉన్నా లాభం లేదు. ఇంటి యజమాని సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిదో పదో వసూలు చేస్తే అదీ అడిగే దిక్కు లేదు. మరోవైపు సొంత మేడ ఉన్నవాళ్లు పై అంతస్తుకు ఒకటి, కింద అంతస్తుకు ఒకటి అని రెండు మీటర్లు పెట్టించుకుని 350 యూనిట్ల వాడకాన్ని రెండు 175లుగా చీల్చుకుంటారు. ఎక్కువ వాడేవాడి దగ్గర ఎక్కువ తీసుకోవాలన్న మీ సదుద్దేశం నేల మీదికి దిగేసరికి ఇలా తలకిందులైంది. ఈ సంగతి మీ విచారణల్లో ఎప్పుడైనా చర్చకు వచ్చిందా?

మీకు దారి చూపడానికి దూరం పోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలా వాడకాన్ని బట్టి గ్రూపులుండేవి. 2022లో అక్కడి నియంత్రణ మండలి వాటిని ఎత్తేసి ఇళ్లన్నింటినీ ఒకే గ్రూపులోకి తెచ్చింది. మొదటి 30 యూనిట్లకు 1.90 నుంచి మొదలై 400 దాటిన వాటికి 9.75 దాకా మెట్లు మెట్లుగా పోతుంది. పై మెట్టు ఎక్కినంత మాత్రాన కింది మెట్టు ధర మారదు. అక్కడ 200 యూనిట్లకు 867 రూపాయలు, 201కి 873. అంతే, ఆరు రూపాయలు. అక్కడ అంతా బాగుందని నేననను. 200 యూనిట్ల దగ్గర మన బిల్లే 47 రూపాయలు తక్కువ. పైగా సర్దుబాటు ఛార్జీల పేరుతో అక్కడి జనం పడ్డ తిప్పలు తక్కువేం కావు. అయినా ఈ ఒక్క విషయంలో వాళ్లు చేసింది సబబు. ఢిల్లీలో 200 యూనిట్ల దాకా ఉచితం. దాటితే ఒక్కసారిగా తోసేయరు, 201 నుంచి 400 దాకా 800 రూపాయల పరిమితితో సగం సబ్సిడీ ఇస్తారు. తమిళనాడులో 2016 నుంచి రెండు నెలలకు తొలి 100 యూనిట్లు ఉచితం, 101వ యూనిట్ వాడినందుకు ఆ వంద వెనక్కి లాక్కోరు. ముగ్గురు మూడు పద్ధతులు చేసి చూపించాక మనకెందుకు చేతకాదు?

గృహజ్యోతి ప్రభుత్వ పథకం, దాంతో మాకేం పని అంటారేమో. 2003 విద్యుత్ చట్టంలో 61వ సెక్షన్ టారిఫ్ నిర్ణయానికి మీకిచ్చిన మార్గదర్శకాల్లో సామర్థ్యం, వనరుల పొదుపైన వినియోగం, వినియోగదారుల ప్రయోజనాల రక్షణ ఉన్నాయి. వాడకాన్ని బట్టి తేడా చూపవచ్చని 62వ సెక్షన్ అన్నది నిజమే. ఒక్క యూనిట్ తేడాకు 207 రూపాయల తేడా చూపమని మాత్రం అనలేదు. సామర్థ్యం, పొదుపు గురించి రాష్ట్ర ప్రభుత్వానికి సలహా చెప్పే బాధ్యత 86వ సెక్షన్ మీ మీదే పెట్టింది. జీరో బిల్లు పథకం ఎవరిదైనా కావచ్చు, 200 దగ్గర కేటగిరీ మార్చే గీత మాత్రం మీ ఉత్తర్వులో, మీ సంతకం కింద ఉంది.

డబ్బు సంగతి నేను దాటవేయను. 200 దగ్గరి గోడ తీసేసి, అది దాటినవాళ్లకూ మొదటి 200 యూనిట్లకు ఇప్పుడున్న 3.40, 4.80 రేట్లే వర్తింపజేస్తే 200 దాటిన ప్రతి ఇంటి మీదా డిస్కమ్‌కు నెలకు సరిగ్గా 200 రూపాయలు తగ్గుతాయి. చిన్న మొత్తం కాదు. దాన్ని పై స్లాబుల్లో రాబట్టండి. 400 దాటాక 9.50, 800 దాటాక 10 అన్న రేట్లను కాస్త పెంచండి. ఆరేడు వందలు కాల్చే ఇంటికి అది భరించలేని బరువు కాదు. వేసవిలో మా వాడకమూ ఆ 400 గీత దాటుతుంది, అయినా అడుగుతున్నాను. మరి పొదుపు వల్ల మిగిలేది? 2025 మార్చి 20న రాష్ట్రంలో విద్యుత్ డిమాండు 17,162 మెగావాట్లకు చేరింది. అలాంటి రోజుల్లో విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర గరిష్ఠ పరిమితి అయిన 10 రూపాయల దాకా పోతుంటుంది. పదికి కొని 4.80కి అమ్మే యూనిట్‌ను అసలు అమ్మకుండా ఉండగలిగితే డిస్కమ్‌కు నష్టమా, లాభమా?

రాబోయే టారిఫ్ ఉత్తర్వులో నాకు కావలసినవి ఇవి. 100 దగ్గరా 200 దగ్గరా వెనక్కి వెళ్లి రేటు మార్చే పద్ధతి పోవాలి. 200 దాటిన నెలలో జీరో బిల్లు ఒక్కసారిగా ఎగిరిపోకుండా, దాటిన యూనిట్లకు మాత్రమే కట్టించుకునేలానో, ఢిల్లీలాగా కొంత దూరం సగం చొప్పునో ఇవ్వాలని ప్రభుత్వానికి మీరు రాతపూర్వకంగా సలహా ఇవ్వాలి, ఆ సలహాను ప్రచురించాలి. జీరో బిల్లు ఇళ్లకు ఫ్యాన్లు మార్చే పథకం ఖర్చు, మిగులు లెక్కలతో సహా డిస్కమ్‌ల దగ్గర అడగాలి. అద్దె ఇళ్లకు యజమాని సంతకం లేకుండానే అది అందాలి. ఒకే మీటరు కింద ఎన్ని కుటుంబాలున్నాయో లెక్క తీసి, విడి మీటరు అడిగిన అద్దెదారుకు ఇచ్చే పద్ధతి తేల్చాలి.

ఇవేవీ కుదరవని మీకు తోస్తే, కనీసం ఒక పని చేయండి. టారిఫ్ పట్టికలో 201 నుంచి 300 దాకా 7.70 అని రాసే చోట, 201వ యూనిట్‌కు 207.70 అని కూడా రాయించండి. తర్వాతి బహిరంగ విచారణకు వచ్చేవాళ్లు ఆ కాగితం పట్టుకునే వస్తారు.

ఇట్లు,
ఎల్‌టీ–1 కేటగిరీ గృహ వినియోగదారుడు,
హైదరాబాద్